బ్యాటరీ ఎంతుందో మాత్రం చూపిస్తుంది

నమస్కారం అండీ. కొత్త గ్యాడ్జెట్ ఏది వచ్చినా దాని ప్రాసెసర్ గురించీ కెమెరా గురించీ చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మనిషిని, అంటే కోడ్‌ని ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకునే వీలుండాలనేది నా వాదన. నాకు ముందు తట్టే ప్రశ్న వేరు: ఈ కంపెనీ రేపు మూతపడితే ఈ వస్తువు పనిచేస్తుందా?

అపశకునం మాటలా ఉంది, తెలుసు. కానీ 2025 మొదటి రెండు నెలల్లో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి హ్యూమేన్ ఏఐ పిన్. చొక్కాకి తగిలించుకునే చిన్న పరికరం. దానికి స్క్రీన్ ఉండదు, అరచేయి చాపితే లేజర్‌తో అక్షరాలు పడతాయి. ఫోన్‌తో పనే ఉండదన్నారు. 699 డాలర్లు పెట్టి కొనాలి, ఆపైన నెలనెలా 24 డాలర్లు కట్టాలి. రివ్యూలు రాసినవాళ్లు దాన్ని ఉతికి ఆరేశారు, అది వేరే కథ. 2025 ఫిబ్రవరి 18న కంపెనీ ఒక ప్రకటన చేసింది. తమ ఆస్తుల్లో చాలావరకు హెచ్‌పీ 11.6 కోట్ల డాలర్లకు కొంటోందని, ఫిబ్రవరి 28న సర్వర్లు, అంటే ఆ పరికరాన్ని ఇంటర్నెట్ ద్వారా నడిపించే తమ కంప్యూటర్లు, ఆపేస్తామని. పది రోజుల గడువు! ఆ తర్వాత కాల్స్ వెళ్లవు, మెసేజ్‌లు వెళ్లవు, ఏఐ జవాబివ్వదు. మరి ఏం మిగులుతుందయ్యా అంటే, ఆఫ్‌లైన్‌లో పనిచేసే ఫీచర్లకి వాళ్లే ఇచ్చిన ఉదాహరణ ఏంటో తెలుసా? బ్యాటరీ ఎంతుందో చూపించడం. డబ్బు వాపసు కూడా దాదాపు చివరి మూడు నెలల్లో కొన్నవాళ్లకే.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ పరికరంలో ఏ పార్టూ పాడవలేదు. కెమెరా, మైకు, లేజరు అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. లోపల నడిచేది కూడా ఆండ్రాయిడ్ ఆధారంగా చేసిన సిస్టమే. దాన్ని ఇంకో సర్వర్‌కి కలుపుకునే వీలు మాత్రం కొన్నవాళ్లకి కంపెనీ ఇవ్వలేదు. అంతే తేడా.

ఇప్పుడు రెండోది, పెబుల్ వాచీ. 2012లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో కోటి డాలర్లకు పైగా పోగుచేసి మొదలైన స్మార్ట్‌వాచీ. ఇదీ నిలబడలేదు. 2016 డిసెంబరులో మూసేసి ఫిట్‌బిట్ అనే ఇంకో వాచీల కంపెనీకి అమ్మేశారు, తర్వాత ఆ ఫిట్‌బిట్ కాస్తా గూగుల్ చేతికి వెళ్లింది. అయితే 2017లో పెబుల్ ఫోన్ యాప్‌కి ఒక అప్‌డేట్ వచ్చింది, సర్వర్ లేకపోయినా వాచీ నడిచేలా. 2018లో సర్వర్లు నిజంగానే ఆగిపోయాయి. అప్పటికి అభిమానులు రెబుల్ అనే పేరుతో సొంత సర్వర్లు సిద్ధం చేసుకున్నారు. యాప్ స్టోర్, వాతావరణం అన్నీ మళ్లీ వచ్చాయి. 2025 జనవరి 27న గూగుల్ పెబుల్ ఓఎస్ (వాచీని నడిపే సిస్టమ్) సోర్స్ కోడ్‌లో, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌లో, ఎక్కువ భాగం బయటపెట్టింది. బ్లూటూత్ భాగం, కొన్ని చిప్‌లకి సంబంధించిన భాగాలు తీసేసి ఇచ్చింది, సరే. ఆ కోడ్ మీదే పెబుల్ స్థాపకుడు ఎరిక్ మిగికోవ్‌స్కీ కొత్త వాచీలు తయారు చేయించాడు.

రెండు కంపెనీలూ మునిగాయి. ఒకదాని వస్తువు పది రోజుల్లో పనికిరాకుండా పోయింది, ఇంకోదానిది తొమ్మిదేళ్ల తర్వాత కూడా జనం చేతికి ఉంది.

"కోడ్ ఇస్తే మాకేం ఒరుగుతుంది, మేం చదవగలమా ఏంటి?" అంటారు కొందరు. అక్కర్లేదండీ. లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ అని ఒక రౌటర్ ఉండేది. అందులో లినక్స్ అనే స్వేచ్ఛా సిస్టమ్ నడుస్తోందని 2003లో కొంతమంది పట్టుకున్నారు. లినక్స్ జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి మార్పులు చేసి అమ్మితే సోర్స్ ఇచ్చి తీరాలి. గట్టిగా అడిగారు, కంపెనీ ఇచ్చింది. దాని నుంచే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ పుట్టింది, రౌటర్లలో ఎక్కించుకునే స్వేచ్ఛా సిస్టమ్. ఈ రోజు అది నడిచే రౌటర్లు వాడేవాళ్లలో ఎక్కువమంది ఒక్క లైన్ కోడ్ కూడా రాసి ఉండరు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌కి వాళ్ల ఇంట్లో మాత్రం అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి.

కోడ్ ఇచ్చి కూడా చేతులు కట్టేయొచ్చు, అదొక తిరకాసు. టీవో అనే వీడియో రికార్డర్ చేసినవాళ్లు జీపీఎల్ ప్రకారం సోర్స్ ఇచ్చారు. మీరు దాన్ని మార్చి మళ్లీ అందులో ఎక్కించబోతే, కంపెనీ డిజిటల్ సంతకం లేదని పెట్టె నడవదు. తెలివితేటలంటే అవీ! 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్‌లో దీన్ని అడ్డుకోవడానికే ఒక నిబంధన పెట్టారు. లినక్స్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) మాత్రం పాత రెండో వెర్షన్ మీదే ఉండిపోయింది. లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కి ఆ నిబంధన నచ్చలేదు. లైనస్ అంటే నాకు గౌరవమే కానీ, ఈ ఒక్క విషయంలో ఆయనతో ఒప్పుకోలేను. వేరే సిస్టమ్ ఎక్కించుకోకుండా బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) లాక్ చేసిన ఫోన్లు ఇన్ని చూస్తున్నాం కదా.

ఫోన్ల మాట వచ్చింది కాబట్టి: గూగుల్ సర్టిఫై చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ యాప్ వేసుకోవాలన్నా, ప్లే స్టోర్ బయట నుంచైనా సరే, ఆ డెవలపర్ తన గుర్తింపు తమ దగ్గర నమోదు చేయించుకుని ఉండాలని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. మోసపు యాప్‌లని ఆపడానికట. మోసాలు నిజమే, కాదనను. కానీ స్వేచ్ఛా యాప్‌లు మాత్రమే పెట్టే ఎఫ్-డ్రాయిడ్ లాంటి చోటుకి ఇది గొంతు మీద కత్తి అని వాళ్లే చెప్పారు. గొడవ గట్టిగా జరిగాక, అనుభవం ఉన్నవాళ్లకి వేరే దారి పెడతామని నవంబరులో గూగుల్ అంది. నా ఫోన్‌లో నేను యాప్ వేసుకోవడానికి "అనుభవజ్ఞుడు" అనిపించుకోవాలన్నమాట!

అలాగని పెబుల్ కథ అంతా పూలబాట కాదు. అదే నవంబరులో రెబుల్ వాళ్లకీ మిగికోవ్‌స్కీ కొత్త కంపెనీకీ తగువు వచ్చింది, పాత యాప్‌ల నిల్వ ఎవరిదని. వాచీ కోడ్ అందరిదీ అయింది, అందులో వేసుకునే వేల యాప్‌లు మాత్రం అప్పటికి ఒకరి సర్వర్‌లో ఉండేవి. మీరు ఎవరి పక్షం అని అడిగితే, ఆ నిల్వ మొత్తాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఎవరు పెడితే నేను వాళ్ల పక్షం.