రాయి గట్టిదే, పగులు సంగతేంటి?

హోస్ట్: సార్, రాయి కంటే గట్టిది ఏముంటుంది? దాని మీద కట్టడానికి ఇన్ని లెక్కలెందుకు?

ఇంజనీర్: ల్యాబ్‌లో మంచి గ్రానైట్ ముక్కను నొక్కితే 150 మెగాపాస్కల్స్ తట్టుకోవడం మామూలే. మామూలు కాంక్రీటుకు ఐదు రెట్లు. కానీ కొండంటే ఆ ముక్క కాదు కదా. పగుళ్లుంటాయి, పొరలుంటాయి, మధ్యలో బంకమట్టి ఇరుక్కుని ఉంటుంది. ల్యాబ్‌దాకా వచ్చేది పగలకుండా మిగిలిన ముక్కే.

హోస్ట్: క్లాసు మొత్తాన్ని వదిలేసి ఫస్ట్ ర్యాంకు వాణ్నే పరీక్షకు పంపినట్టు!

ఇంజనీర్: (నవ్వుతూ) అంతే. అందుకే డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీలను వరసగా పేర్చే పెట్టె, అదే కోర్ బాక్స్, దాని ముందు కూర్చుంటాం. మీటరు డ్రిల్ చేశారనుకోండి. వచ్చిన ముక్కల్లో 10 సెంటీమీటర్లు, అంతకంటే పొడవున్నవే కొలుస్తాం. 25, 18, 12 ఉన్నాయి, మిగతాదంతా చిన్నాచితకా. కలిపితే 55 శాతం. రాతి నాణ్యత చెప్పే ఈ అంకెనే ఆర్‌క్యూడీ (రాక్ క్వాలిటీ డిజిగ్నేషన్) అంటారు. డ్రిల్లింగ్‌లో విరిగినవాటిని మాత్రం అతికించి ఒకే ముక్కగా లెక్కెయ్యాలి. తాజాగా విరిగిన అంచు చూస్తే తెలిసిపోతుంది.

హోస్ట్: 100 శాతం వస్తే ఇక హాయిగా నిద్రపోవచ్చా?

ఇంజనీర్: అస్సలు కాదు! అన్నీ 11 సెంటీమీటర్ల ముక్కలైనా 100 శాతమే వస్తుంది. పగులు ఎటు వాలింది, లోపల మట్టి ఉందా, నీరుందా అన్నది ఆ అంకె చెప్పదు. ఆ లోటు తీర్చడానికే రాతికి మార్కులు వేసే పద్ధతులు వచ్చాయి, 1973లో ఆర్‌ఎంఆర్ (రాక్ మాస్ రేటింగ్), 1974లో క్యూ పద్ధతి. రెండిట్లోనూ నీటికి మార్కులుంటాయి.

హోస్ట్: నీటికి అంత ప్రాధాన్యం దేనికి?

ఇంజనీర్: ఫ్రాన్స్‌లో మాల్పాసె ఆనకట్ట ఉండేది. పల్చటి కాంక్రీటు ఆర్చి. 1959 డిసెంబరు 2 రాత్రి తెగిపోయింది, 400 మందికి పైగా చనిపోయారు. కాంక్రీటులో లోపం లేదు. ఆనకట్ట తోపుకి ఎడమగట్టు రాతిలోని సన్నటి పగుళ్లు బిగుసుకుపోయాయి. నీరు బయటికి పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరిగింది. కింద ఉన్న ఫాల్టు (రాతిపొరలు జరిగిన పెద్ద పగులు) మీదుగా పెద్ద రాతి దిమ్మ కదిలిపోయింది.

హోస్ట్: అంత బరువున్న దిమ్మని నీళ్లు కదిలించాయా?

ఇంజనీర్: పగులుకి అటూ ఇటూ ఉన్న రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే పట్టు ఉంటుంది. నీరు ఆ రెండింటినీ విడదీస్తూ తోస్తుంది. బరువు తగ్గదు, పట్టు తగ్గుతుంది. అందుకే గట్టులోకి డ్రెయిన్ రంధ్రాలు వేస్తాం. రాతిని బిగించి పట్టుకునే ఉక్కు కడ్డీలు, అదే రాక్ బోల్టుల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా వీటి మీద పెట్టరు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

హోస్ట్: డ్రెయిన్‌లోంచి నీళ్లు కారుతుంటే చూసేవాళ్లకి భయం కదా?

ఇంజనీర్: నాకు టెన్షన్ ఎప్పుడంటే, నిన్నటిదాకా కారిన డ్రెయిన్ ఇవాళ ఎండిపోతే. వెంటనే రాతి లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్ రీడింగ్ చూస్తాను. నీటిమట్టం తగ్గి ఎండితే సరే, ఒత్తిడి పెరిగి ఉంటే ఆ రంధ్రం పూడిపోయినట్టే.