ఖాళీ బండికి లోడు గాలెందుకండీ?

నమస్కారమండీ. "టైరు మీద రాసుందండీ, అంతే కొట్టించాను." పికప్ బండ్లు తోలేవాళ్ళ నోట ఈ మాట వినీ వినీ ఇక ఊరుకోలేక ఈ వీడియో చేస్తున్నాను.

అంబాజీపేటలో టన్నున్నర కొబ్బరికాయలు ఎత్తారు, రాజమండ్రిలో దించేశారు, ఖాళీ బండితో రావులపాలెం మీదుగా తిరిగొస్తున్నారు. వెళ్ళేటప్పుడు బండి బుద్ధిగానే వెళ్ళింది. వచ్చేటప్పుడు మాత్రం ప్రతి గుంతకీ వెనక చక్రాలు ఎగిరెగిరి పడుతున్నాయి, తొట్టి దడదడలాడిపోతోంది. ఇంటికొచ్చాక ఏమంటారు? "కమాన్ కట్ట గట్టిగా ఉంది, ఒక పట్టీ తీయించేస్తాను." వద్దండీ బాబూ! కమాన్ కట్ట అంటే వెనక బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగు, అందులో పట్టీ తీయిస్తే రేపు లోడు మోసేదెవరు? ముందు గేజి పెట్టి వెనక టైర్లలో గాలెంతుందో చూడండి.

టైరు పక్కన పీఎస్ఐ అని రాసుండే ఆ అంకె, ఆ టైరు మోయగల గరిష్ఠ బరువు మోసేటప్పటి గాలి. టైరు కంపెనీకి ఆ టైరు ఏ బండికి వేస్తారో తెలీదు కదా. మీ బండికి ఎంత గాలి ఉండాలో చెప్పేది బండి కంపెనీ. ఆ అంకె డ్రైవర్ డోరు తీస్తే స్తంభం మీద స్టిక్కర్‌లోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. చాలా బండ్లకి ఖాళీకి వేరు, లోడుకి వేరు. ముందుకి వేరు, వెనక్కి వేరు.

ఎందుకు వేరో చెప్తాను, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. టైరు నేలని తాకే చోటు ఎంతుంటుందంటే, రమారమి దాని మీద పడే బరువుని లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేంత. లెక్క కోసం మన కొబ్బరికాయల బండిలో లోడుతో ఒక్కో వెనక చక్రం మీద 840 కిలోలు పడ్డాయనుకుందాం. గాలి 60 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 4.2 కిలోలు. భాగిస్తే 200 చదరపు సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు 14 సెంటీమీటర్లు పొడుగు, 9 వెడల్పు, అంటే 126. దాదాపు ఒకటిన్నర కార్డు నేల మీద ఆనుతోందన్నమాట. బాగుంది.

ఇప్పుడు కాయలు దించేశాం. చక్రం మీద 350 కిలోలే మిగిలాయి, గాలి అదే 60. భాగించండి: 83. ఒక కార్డులో మూడో వంతు చింపేసి, మిగిలిన ముక్క మీద బండిని నిలబెట్టినట్టు! అదీ టైరు మధ్యభాగం మాత్రమే ఆనుతుంది. అందుకే ఎగరడం, అందుకే టైరు నడిమి ముందు అరిగిపోవడం. అదే గాలి 35కి దించితే 142, నిండు కార్డు కంటే కాస్త ఎక్కువే. టైరు గోడల బిగువు కూడా కొంత మోస్తుంది కాబట్టి నిజం అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ, సంగతి ఇదే. ఆ 60, 35 నా లెక్క కోసం పెట్టుకున్నవి, మీ బండికి కొట్టించేయకండి.

వానలో కాలవగట్టు రోడ్డు మీద, బురద ట్రాక్టరు వెళ్ళిన దారిలో, ఖాళీ పికప్ బ్రేకు కొట్టి చూస్తే ఆ చిరిగిన కార్డు విలువ తెలుస్తుంది. వెనక భాగం పక్కకి జరుగుతుందండీ. పక్కనే కాలవ.

ముందు టైర్ల సంగతి వేరు. ఇంజిన్ బరువు ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి, ఖాళీ అయినంత మాత్రాన అక్కడ పెద్దగా తేడా ఉండదు. తగ్గించేది ముఖ్యంగా వెనకే, అదీ స్టిక్కర్ చెప్పినంత వరకే.

అమెరికాలో ట్రైలర్లు లాగే ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 పికప్ బండ్ల వాళ్ళకీ ఇదే గొడవ. అక్కడ బరువులు మోయడానికి వేసే "లోడ్ రేంజ్ E" రకం టైర్ల మీద సాధారణంగా 80 పీఎస్ఐ అని ఉంటుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద, అంటే వెనక ఇరుసు మీద పడుతుంది. ట్రైలర్ విప్పేశాక ఆ బరువుండదు, 80 మాత్రం అలాగే ఉండిపోతుంది. మళ్ళీ అదే చిరిగిన కార్డు.

ఇక్కడ నా మాట ఒకటి గట్టిగా వినండి. మీది రోజూ లోడెత్తే కిరాయి బండైతే ఖాళీ ట్రిప్పు కోసం గాలి తీయకండి. తక్కువ గాలితో లోడెత్తితే టైరు గోడలు నలిగి, వేడెక్కి, హైవే మీద పేలిపోతుంది. దాని ముందు ఎగురుడు ఎంత? వారాల తరబడి ఖాళీగా తిరిగే బండికీ, చెరువు దగ్గరికి ఒక్కరే వెళ్ళొచ్చే పికప్‌కీ తగ్గించండి. ఎప్పుడైనా మేత బస్తాలు ఎత్తాల్సొస్తే ముందు గాలి, తర్వాత బస్తాలు.

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. గాలి పొద్దున్నే చల్లటి టైరు మీద చూడాలి, నడిచొచ్చిన బండైతే మూడు గంటలు ఆగాలి. 60 ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండున్నర పీఎస్ఐ పెరుగుతుంది, అది చూసి గాలి తీసేయకండి. సరిపోయిందో లేదో చూడాలంటే టైరుకి అడ్డంగా సుద్దగీత గీసి, సిమెంటు రోడ్డు మీద తిన్నగా కాస్త దూరం పోనిచ్చి దిగి చూడండి. గీత నడిమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. టైరు మీద సైజు పక్కన 113 అని ఉంటే ఒక్కో టైరు 1150 కిలోలు మోస్తుందని, అదీ సరిపడా గాలి ఉంటేనే. నైట్రోజన్‌కి డబ్బులు పోయక్కర్లేదు, మామూలు గాలిలోనే అది 78 శాతం.

స్టెప్నీలో మాత్రం ఎప్పుడూ లోడు గాలే ఉంచండి. ఎక్కువైతే ఎక్కడైనా తీసేసుకోవచ్చు, అర్ధరాత్రి చించినాడ వంతెన మీద గాలి కొట్టేవాళ్ళు దొరకరు.