ఎత్తు రాయని పుస్తకం

శ్రోతలందరికీ నమస్కారం.

మందసలో నిలబడి వాయవ్యం వైపు చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. శిఖరం ఒడిశాలో ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. ఆ కొండల పాదాలు మాత్రం మన శ్రీకాకుళం జిల్లాలోకి దిగి వస్తాయి. వేసవి వస్తే నేను ఈ కొండలెక్కి, ఏ ఎత్తులో ఏ చెట్లున్నాయో రాసుకుంటూ ఉంటాను.

మండే ఎండల్లో ఎందుకంటే, వానాకాలంలో కొండంతా ఒకటే పచ్చన. ఏప్రిల్, మే నెలల్లో అయితే అడవి తన గుట్టు తానే విప్పుతుంది. కింద జీడితోటలు దాటగానే కొండగోగు ఆకంతా రాల్చేసి మోడులా ఉంటుంది, రేల పసుపు గుత్తులు వేలాడేసుకుని ఉంటుంది. ఇంకాస్త పైకి పోతే మద్ది, వేగిస, గుగ్గిలం. వాగు లోయలోకి తిరిగితే జీలుగు చెట్లు, చుట్టూ నీడ. ఎండిన కొండ మీద ఆ పచ్చటి గీత వాగు వెంటే సాగుతుంది. శిఖరం దగ్గర చెట్లు పలచబడి గడ్డి మైదానం వస్తుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది మరి. పైగా సముద్రం దగ్గరే కాబట్టి తేమగాలి తగులుతూనే ఉంటుంది.

పని కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలి. ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ ఆగి, పది మీటర్ల తాడుతో చదరం కట్టి, అందులోని ప్రతి చెట్టుకూ రొమ్ము ఎత్తున టేపు చుట్టి కొలవాలి. వాలు ఏ దిక్కుకుందో తప్పక రాయాలి. ఒకే ఎత్తులో కూడా దక్షిణపు వాలు ఎండి ఉంటుంది, ఉత్తరపు వాలు తేమ దాచుకుంటుంది. ఫోన్ చూపే ఎత్తు ఒక్కోసారి పదుల మీటర్లు తేడా వస్తుంది. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది కదా, పొద్దున్నే దానితో సరిచూసుకుని బయలుదేరతాం.

ఇంత పట్టుదల నాకు మొదట్లో లేదు. తొలి ఏళ్ల పుస్తకాల్లో చెట్ల పేర్లు రాశాను, ఎత్తు రాయలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి నేలకొరిగాయి. కొండమీదా చెట్లు పడ్డాయి. ఏ ఎత్తులో అడవి ఎంత పోయిందో చూద్దామని పాత పుస్తకం తీస్తే, పేర్లు తప్ప ఏమీ లేవు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

చివరికి ఒక సవర తాత చెట్టుచెట్టుకూ చెయ్యి చూపించి చెప్పాడు. "ఇది కింద బతకదు బాబూ, దీనికి చల్లగాలి తగలాల" అన్నాడు. ఆయన నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే రాసుకున్నాను, సవర పేర్లతో సహా. కొండవాళ్లు చెప్పే పేరు, పక్కన తెలుగు పేరు, ఆ పక్కన ఎత్తు. ఇప్పుడు నా పుస్తకంలో వరుస ఇదే.

నిరుడు వేసవిలో ఒక చదరంలో, వేళ్లతో సహా పెళ్లగిలి పడిన మద్ది మొద్దు పక్కన మోకాలెత్తు గుగ్గిలం మొక్కలు కనిపించాయి. తేదీ, ఎత్తు, వాలు అన్నీ రాశాను. ఈ మేలో వెళ్లి ఎన్ని నిలబడ్డాయో లెక్కపెట్టాలి.

నమస్కారం.