కొత్త కన్సోల్ కోసం ఆగాలా? ఇప్పటి తరానికి నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి ఒక గేమ్ కాదు, ఒక తరం కన్సోల్స్ మొత్తాన్ని, అంటే టీవీకి తగిలించి గేమ్‌లు ఆడే మెషీన్లని, రివ్యూ చేద్దామని కూర్చున్నాను. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్. 2020 నవంబర్‌లో రెండు రోజుల తేడాతో వచ్చాయి కదా, ఐదేళ్లు దాటిపోయాయి. వీటిలో ఏ గేమ్ గురించి మాట్లాడినా, అది ఎంత బాగుందని చెప్పినా, చివరికి నన్ను అడిగేది మాత్రం ఒకటే. "అన్నా, ఇప్పుడు కొనేయమంటావా, కొత్తది వచ్చేదాకా ఆగమంటావా?"

జవాబు ముందే చెప్పేస్తా, టైమ్ లేనివాళ్లు ఇక్కడే వీడియో ఆపేసుకోవచ్చు. ఆగొద్దు. ఎందుకంటే కన్సోల్‌కి మంచి రోజులు వచ్చేది దాని చివరి రెండు మూడేళ్లలోనే. సరిగ్గా అప్పుడే మన చూపంతా తర్వాతి దాని మీదికి పోతుంది. చేతిలో ఉన్న మెషీన్‌కి మంచి ఆటలు వరసగా వస్తుంటే, మనం ఇంకా పుట్టని మెషీన్ గురించి లీకులు చదువుతూ కూర్చుంటాం.

ముందు ఆ లీకుల సంగతి చూద్దాం. కంపెనీలు తమ నోటితో చెప్పినవి ఏంటి? 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్, తర్వాతి ఎక్స్‌బాక్స్ చిప్‌ల కోసం ఏఎండీ అనే చిప్‌ల కంపెనీతో కొన్నేళ్ల ఒప్పందం కుదుర్చుకున్నామని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబర్‌లో ప్లేస్టేషన్ 5 డిజైన్‌కి పెద్ద దిక్కు మార్క్ సెర్నీ, ఏఎండీ ప్రతినిధితో కలిసి ఒక వీడియో చేశారు. లైటింగ్ లెక్కల కోసం రేడియన్స్ కోర్స్, ఏఐ పనుల కోసం న్యూరల్ అరేస్, మెమరీ మీద భారం తగ్గించే కొత్త కంప్రెషన్. వినడానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఇవన్నీ ప్రస్తుతానికి సిమ్యులేషన్‌లోనే ఉన్నాయని, కొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లో వాడాలని ఉందని ఆయనే అదే వీడియోలో చెప్పారు. అంటే అప్పటికి ఆ చిప్ కంప్యూటర్‌లో లెక్కలుగా మాత్రమే ఉంది. మన జనం మాత్రం ఇన్ని టెరాఫ్లాప్స్ (చిప్ లెక్కల వేగానికి కొలత), ఇంత మెమరీ, ఫలానా నెలలో లాంచ్ అని పెద్ద పెద్ద అక్షరాలతో థంబ్‌నెయిల్స్ చేసేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సరే, అసలు పాయింట్‌కి వద్దాం. చివరి ఏళ్లే బాగుంటాయని ఎందుకంటున్నాను?

ప్లేస్టేషన్ 3 వచ్చింది 2006 నవంబర్‌లో. అందరి కళ్లూ దాని మీదే. దాన్ని తయారుచేసిన సోనీ మాత్రం నాలుగు నెలల తర్వాత, 2007 మార్చిలో, గాడ్ ఆఫ్ వార్ 2ని పాత ప్లేస్టేషన్ 2 మీద రిలీజ్ చేసింది. అంటే ఏడేళ్ల వయసున్న మెషీన్ మీద. ఆ గేమ్ ఆడినవాళ్లకి మొదటి లెవెల్ ఇప్పటికీ గుర్తుంటుంది. రోడ్స్ నగరంలో ఆకాశాన్నంటే కంచు విగ్రహం ప్రాణం పోసుకుని మన వెంట పడుతుంది. గోడ అవతల దాని మొహం, ఇంకో గదిలోకి వెళితే దాని చెయ్యి, చివరికి మనమే దాని కడుపులోకి వెళ్లి లోపల నుంచి పగలగొడతాం. ఇదంతా 32 మెగాబైట్ల మెయిన్ మెమరీలో. ఈ రోజు మీ ఫోన్‌లో తీసిన ఒక చిన్న వీడియో కూడా అందులో పట్టదు.

తర్వాతి తరంలోనూ ఇదే కథ. 2013 నవంబర్‌లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వస్తున్నాయని తెలుసు. ఆ జూన్‌లో ప్లేస్టేషన్ 3 మీద ద లాస్ట్ ఆఫ్ అస్ వచ్చింది. సెప్టెంబర్‌లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల మీద జీటీఏ 5, అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5, వచ్చింది. ఆ రెండు మెషీన్లలో ఒక్కోదానికీ ఉన్న మెమరీ మొత్తం 512 మెగాబైట్లు మాత్రమే. అందులోనే ఒక సిటీ, కొండలు, ఎడారి, సముద్రం అడుగు, మధ్యలో లోడింగ్ లేకుండా ముగ్గురు హీరోల మధ్య మారడం. "కొత్త కన్సోల్ కొన్నాకే ఆడతా" అని ఆగినవాళ్లకి ఆ గేమ్ ప్లేస్టేషన్ 4 మీద 2014 నవంబర్‌లో దొరికింది. పద్నాలుగు నెలలు లేటుగా, కథ మొత్తం ఫ్రెండ్స్ నోట విన్నాక.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, కొత్త మెషీన్ చేతికి రాగానే దాన్ని పిండుకోవడం ఎవరికీ రాదు. ప్లేస్టేషన్ 3లో సెల్ అనే ప్రాసెసర్ ఉండేది. దానికి ప్రోగ్రామ్ రాయడం పెద్ద తలనొప్పి అని డెవలపర్లు మొదట్లో మొత్తుకున్నారు. ఏళ్లు గడిచాక, గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఇంజిన్ కుదిరాక, ఎక్కడ మెమరీ మిగుల్చుకోవచ్చో తెలిశాకే దాని అసలు సత్తా బయటికి వచ్చింది. పైగా అప్పటికి ఆ కన్సోల్ కోట్ల ఇళ్లలో ఉంటుంది కాబట్టి పెద్ద బడ్జెట్ పెట్టడానికి పబ్లిషర్లకి ధైర్యం ఉంటుంది. లాంచ్ రోజు ఆ ధైర్యం ఎవరికీ ఉండదు.

దానికి రుజువు ఈ తరం మొదటి రెండేళ్లే. ప్లేస్టేషన్ 5 కోసం జనం ఎంత కొట్టుకున్నారో మీకు తెలుసు. స్టాక్ ఉండదు, వెబ్‌సైట్ తెరిచేలోపు అయిపోతుంది, బ్లాక్‌లో డబుల్ రేటు. అంత కష్టపడి ఇంటికి తెచ్చుకుంటే? 2022 ఫిబ్రవరిలో హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్ వచ్చింది, అది ప్లేస్టేషన్ 4లోనూ ఉంది. అదే ఏడాది నవంబర్‌లో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ వచ్చింది, అదీ ప్లేస్టేషన్ 4లో ఉంది. కన్సోల్ వచ్చి రెండేళ్లయినా సోనీ సొంత పెద్ద గేమ్‌లు పాత మెషీన్‌ని వదల్లేదు. డీమన్స్ సోల్స్ రీమేక్, రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్ లాంటివి ఉన్నాయి, కాదనను. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అంతే.

కొత్త మెషీన్‌కి రిస్క్ కూడా ఎక్కువే. ఎక్స్‌బాక్స్ 360 తొలి మోడళ్లలో మూడు ఎర్ర లైట్లు వెలిగి మెషీన్ చచ్చిపోయేది. చివరికి 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకి పెంచి, దాని కోసం వంద కోట్ల డాలర్లకు పైనే పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక ఇప్పటి ఆటలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రివ్యూ అన్నాక ఆట గురించి మాట్లాడకపోతే ఎలా?

2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఆస్ట్రో బాట్ తీసుకోండి. చూడ్డానికి పిల్లల గేమ్‌లా ఉంటుంది. కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాక తెలుస్తుంది. ఆ బుజ్జి రోబో ఇనుప రేకు మీద నడిస్తే ఒక రకం టకటక, ఇసుకలో నడిస్తే ఇంకో రకం గరగర, అది చెవికే కాదు, అరచేతికి కూడా తెలుస్తుంది. ఒక లెవెల్‌లో స్పాంజిలా నీళ్లు పీల్చుకుని ఉబ్బిపోతాడు. ట్రిగ్గర్ నొక్కుతుంటే వేలికి ఎదురు తగులుతుంది, ఇంకా గట్టిగా నొక్కితే ఒళ్లంతా పిండుకుని నీళ్లు చిమ్ముతాడు. ఇంకో చోట ఎలుకంత చిన్నగా అయిపోతాడు, ఇందాక కాలికింద తొక్కిన గడ్డి ఇప్పుడు తలపైన అడవిలా కనిపిస్తుంది. ఈ ట్రిగ్గర్లు, ఈ వైబ్రేషన్ 2020 నుంచీ మన చేతిలోనే ఉన్నాయి. వాటిని ఇంత ఆనందంగా వాడుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. దానికి గేమ్ అవార్డ్స్‌లో 2024 గేమ్ ఆఫ్ ద ఇయర్ ఇచ్చారు, నా ఓటు కూడా దానికే.

2025 ఏప్రిల్‌లో క్లేర్ అబ్స్‌క్యూర్ ఎక్స్‌పెడిషన్ 33 వచ్చింది. ఫ్రాన్స్‌లో చిన్న స్టూడియో, ముప్పై మంది చుట్టుపక్కల ఉన్న ప్రధాన బృందం. టర్న్ బేస్డ్ గేమ్, అంటే వంతులవారీగా కొట్టుకునే గేమ్, అంటే నిద్రొస్తుంది అనేవాళ్లు ఇది ఒక్కసారి ఆడండి. శత్రువు వంతు వచ్చినప్పుడు కూడా మన వేలు బటన్ మీదే ఉండాలి, దెబ్బ పడే క్షణానికి సరిగ్గా నొక్కితే కాచుకోవచ్చు. పాత పద్ధతికి కొత్త టెన్షన్ ఎక్కించారు. సెప్టెంబర్‌లో హాలో నైట్ సిల్క్‌సాంగ్ వచ్చింది. 2019లో ప్రకటించి ఆరేళ్లు ఊరించారు, తీరా రిలీజ్ రోజు జనం తాకిడికి ఆన్‌లైన్ స్టోర్లే కుప్పకూలాయి. ఆ గేమ్ ఆడటానికి కావాల్సిన మెషీన్ ఏంటంటే, 2017 నాటి పాత నింటెండో స్విచ్ చాలు. ప్లేస్టేషన్ 4 చాలు. ఏడాదంతా అందరూ మాట్లాడుకున్న గేమ్‌కి కొత్త చిప్ అవసరమే లేదు.

పవర్ ముఖ్యం కాదని అనడం లేదు. 60 ఎఫ్‌పీఎస్‌కి, అంటే తెర మీద సెకనుకు 60 ఫ్రేమ్‌లకి, అలవాటు పడ్డాక 30కి వెళ్లడం నాకూ కష్టమే. కానీ దీన్ని కూడా ఎంత దూరం లాగుతామో చూడండి. బ్లడ్‌బోర్న్ 2015లో వచ్చింది. ప్లేస్టేషన్ 5లో పెట్టినా 30 ఎఫ్‌పీఎస్ దగ్గరే ఆగుతుంది. "60 ప్యాచ్ వస్తేనే ఆడతా" అని అప్పటి నుంచీ భీష్మించుకుని కూర్చున్నవాళ్లు నాకు బాగా తెలుసు. ప్రతి ప్లేస్టేషన్ షో ముందు ఈసారి గ్యారంటీ అంటారు, షో అయ్యాక నిట్టూరుస్తారు. ఈలోగా ఆ గేమ్ జరిగే యార్నమ్ నగరం వీధులు వాళ్లకి స్క్రీన్‌షాట్లలోనే మిగిలాయి. బాబూ, ఆ గేమ్ 30లోనే మాస్టర్‌పీస్ అనిపించుకుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒక గేమ్ కోసం ఆగడం వేరు, కన్సోల్ కోసం ఆగడం వేరు. గేమ్ కోసం ఆగితే చాలాసార్లు లాభమే. సైబర్‌పంక్ 2077, 2020 డిసెంబర్‌లో వచ్చినప్పుడు ప్లేస్టేషన్ 4లో ఎంత ఘోరంగా ఉందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్, ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ వచ్చాక అదే గేమ్ చూడముచ్చటగా తయారైంది. అప్పటిదాకా ఆగినవాళ్లు తెలివైనవాళ్లు. జీటీఏ 6 కూడా 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, మళ్లీ నవంబర్ 19కి జరిపారు. జరపనివ్వండి, తయారయ్యాకే రానివ్వండి. ఆ గేమ్ ప్రకటించింది కూడా ఈ ప్లేస్టేషన్ 5, ఈ సిరీస్ ఎక్స్, ఎస్‌ల మీదే కదా.

మరి కన్సోల్ కోసం ఆగడం ఎప్పుడైనా కరెక్టా? ఒక్క సందర్భంలో. పేరు, తేదీ, ధర అధికారికంగా వచ్చేసి, మధ్యలో ఉన్నవి నెలలే అయినప్పుడు. స్విచ్ 2 అలాగే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో వివరాలన్నీ చెప్పారు, జూన్ 5న చేతికొచ్చింది. ఆ రెండు నెలలు ఆగకుండా పాత స్విచ్ కొంటే నేనూ వద్దనేవాడిని. పాత గేమ్‌లు దాదాపు అన్నీ కొత్తదానిలో నడుస్తాయి, జెల్డా లాంటివి ఇంకా స్మూత్‌గా నడుస్తాయి.

చరిత్రలో ఆగినవాళ్లు గెలిచిన కథ కూడా ఉంది, దాచడం ఎందుకు. 1999లో సెగా కంపెనీ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ అమెరికాలో అడుగుపెట్టేసరికే సోనీ ప్లేస్టేషన్ 2 గురించి ప్రకటించేసింది. చాలామంది దాని కోసమే ఆగారు. ఆ ఆగడం కూడా సెగాని దెబ్బతీసిన కారణాల్లో ఒకటి. 2001 జనవరిలో డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నామని చెప్పేశారు. ఆగినవాళ్లకి ప్లేస్టేషన్ 2 దొరికింది, 15 కోట్లకు పైగా అమ్ముడైన కన్సోల్ అది. అయితే గ్రాన్ టురిస్మో 3, జీటీఏ 3, మెటల్ గేర్ సాలిడ్ 2 వచ్చింది 2001లో. అప్పటిదాకా సోల్ క్యాలిబర్, క్రేజీ టాక్సీ, షెన్‌మూ ఆడుకుంటూ ఉన్నది డ్రీమ్‌కాస్ట్ కొన్నవాళ్లే.

అప్పట్లో ఇంకో భయం ఉండేది, కొత్తది కొంటే పాత డిస్కులన్నీ అటకెక్కాలి. ప్లేస్టేషన్ 4లో ప్లేస్టేషన్ 3 డిస్కు నడవలేదు, ఎందుకంటే లోపలి చిప్ రకమే మారిపోయింది. ఈ తరంలో అలా జరగలేదు. ప్లేస్టేషన్ 4 గేమ్‌లు కొన్ని తప్ప అన్నీ 5లో నడిచాయి, చాలావాటికి సేవ్ ఫైల్ కూడా వెంట వచ్చింది. ఎక్స్‌బాక్స్ అయితే ఇంకా పాతవాటిని కూడా మోసుకొచ్చింది.

ప్లేస్టేషన్ 5లోనే ఎక్కువ పవర్ ఉన్న మోడల్, ప్లేస్టేషన్ 5 ప్రో గురించి ఒక్క మాట. మామూలు 5 ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు, ఆ డబ్బుతో గేమ్‌లు కొనుక్కోండి. 4 నుంచి నేరుగా దూకేవాళ్లు, పెద్ద 4కే టీవీ ఉన్నవాళ్లు ఆలోచించొచ్చు. డిస్క్ డ్రైవ్ విడిగా కొనాలి, అది మర్చిపోకండి.

ఎదురుచూడటంలో మజా ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. ట్రైలర్ వస్తే అర్ధరాత్రి లేచి చూసే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. మార్క్ సెర్నీ స్లైడ్లు వేస్తే పాజ్ చేసి మరీ చదువుతాను. చదివాక టీవీ ఇన్‌పుట్ మార్చి గేమ్ పెట్టుకుంటాను, అంతే. మీ హోమ్ స్క్రీన్‌లో డౌన్‌లోడ్ చేసి ఒక్కసారి కూడా తెరవని గేమ్ ఏది ఉందో కింద రాయండి, ఎక్కువమంది రాసినదాన్ని తర్వాత రివ్యూ చేస్తాను. కాస్త టైమ్ ఇవ్వండి, సిల్క్‌సాంగ్‌లో లాస్ట్ జడ్జ్ దగ్గర ఇరుక్కుపోయాను. ఆ బాస్ కంటే, చచ్చిన ప్రతిసారీ మళ్లీ అక్కడిదాకా పరిగెత్తాల్సిన ఆ దారే చంపేస్తోంది.