పాము ఆటకు పూర్వీకులు

శ్రోతలందరికీ నమస్కారం.

నోకియా ఫోన్‌లో పాము ఆట గుర్తుందా? చుక్క తిన్నప్పుడల్లా పాము కాస్త పొడుగయ్యేది. తన తోకకు తానే తగిలిందంటే ఆట అయిపోయినట్టే. బస్సుల్లో, ఆస్పత్రి వరండాల్లో, పెళ్లిళ్లలో ఎంతమంది ఆడారో! ఆ పాము 1997లో నోకియా 6110తో ఆ కంపెనీ ఫోన్లలోకి వచ్చింది. ఆలోచన మాత్రం అంతకు 21 ఏళ్ల కిందటిది. 1976లో అమెరికాలో గ్రెమ్లిన్ అనే కంపెనీ బ్లాకేడ్ అని, నాణెం వేసి ఆడే యంత్రాన్ని తెచ్చింది. ఇద్దరు ఆటగాళ్లు, ఒక్కొక్కరి వెనక పెరుగుతూ పోయే గీత. ఎవరు ముందు గుద్దుకుంటే వాళ్లు ఓడినట్టు. బ్లాకేడ్ పేరు మనలో చాలామంది వినలేదు. దాని పిల్లను మాత్రం రోజూ జేబులో పెట్టుకుని తిరిగాం.

తొలి వీడియో గేముల్లో దేని ప్రభావం ఎక్కువ అని అడిగితే నాకు ముందు ఈ పామే గుర్తొస్తుంది. ఎంతమంది ఆడారన్నది ఒక లెక్క. దాన్ని చూసి ఎవరు మరో ఆట చేశారన్నది ఇంకో లెక్క. నేను ఈ రెండో లెక్కే చూస్తాను.

ముందు పుడితే చాలదు. 1958లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త విద్యుత్ సంకేతాలను గీతలుగా చూపే ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ ఆడించాడు. జనం క్యూ కట్టారు. మరుసటి ఏడాది కూడా చూపించాక దాన్ని విప్పేసి, భాగాలు వేరే పనులకు వాడుకున్నారు. చక్కని ఆట, కానీ వంశం నిలవలేదు.

నా ఓటు స్పేస్‌వార్‌కే. నడుమ ఒక సూర్యుడు, చుట్టూ రెండు అంతరిక్ష నౌకలు ఒకదాన్నొకటి కాల్చుకునే ఆట అది. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయంలో స్టీవ్ రసెల్, అతని మిత్రులు పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద రాశారు. దాని ధర లక్ష డాలర్ల పైమాటే, తయారైనవి యాభై చిల్లర. అంటే ఆడినవాళ్లు చాలా తక్కువ. కానీ ఆ ఆటను ఎవరూ తాళం వేసి దాచుకోలేదు. ఒకరు రాస్తే ఇంకొకరు మెరుగుపెట్టారు. పీటర్ శామ్సన్ వెనక ఆకాశంలో నిజమైన నక్షత్రాలను పొదిగాడు. డాన్ ఎడ్వర్డ్స్ నడిమి సూర్యుడికి గురుత్వాకర్షణ ఇచ్చాడు. కంప్యూటర్ స్విచ్చులతో ఆడితే మోచేతులు నొప్పెడుతున్నాయని చేతిలో పట్టుకునే పెట్టెలు కూడా చేసుకున్నారు. ఆట విశ్వవిద్యాలయం నుంచి విశ్వవిద్యాలయానికి పాకింది. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో గెలాక్సీ గేమ్, అదే ఏడాది నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ చేసిన కంప్యూటర్ స్పేస్, రెండూ దీని సంతానమే. 1979 నాటి ఆస్టరాయిడ్స్ అనే ఆటలో తిరుగుతూ జారుతూ పోయే ఆ చిన్న నౌక కూడా ఇక్కడిదే.

మరి పాంగ్ మాటేమిటి అంటారా? 1972లో బుష్నెల్ కంపెనీ అటారీ తెచ్చిన ఈ బంతాట వీడియో గేముల వ్యాపారాన్ని నిలబెట్టింది, కాదనను. అయితే బుష్నెల్ అంతకు ముందే రాల్ఫ్ బేర్ రూపొందించిన, ఇంటి టీవీకి తగిలించి ఆడే ఒడిస్సీ అనే యంత్రంలోని టెన్నిస్‌ను ప్రదర్శనలో చూశాడు. ఆ పోలిక మీద గొడవ కోర్టు దాకా వెళ్లి 1976లో రాజీ అయింది. కాబట్టి ఆ పేరులో సగం బేర్‌కు దక్కాలి.

నా రెండో ఓటు జపాన్‌కు. 1978లో తొమోహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో మనం కాల్చి పడగొట్టే గ్రహాంతరవాసులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా కదిలేవి. నిజానికి తెర మీద గీయాల్సినవి తగ్గడంతో యంత్రానికి బరువు తగ్గి అలా జరిగింది. ఆయన దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశాడు. గుండె చప్పుడులాంటి ఆ మోత కూడా వేగం పెంచుకుంటుంటే, చివరి ఒక్కటి తెర మీద పరుగెత్తుతుంటే, ఆడేవాడికి టెన్షన్ కాక ఏమవుతుంది!