హెచ్‌ఆర్‌ఎం పేపర్ రివ్యూ: నిజంగా కబుర్ల సబ్జెక్టేనా?

అందరికీ నమస్కారం. ఈరోజు హెచ్‌ఆర్‌ఎం, అంటే హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్, కంపెనీల్లో ఉద్యోగుల వ్యవహారాలు చూడటం నేర్పే సబ్జెక్టు గురించి. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి. చెన్నై పెరంబూర్‌లో మా పిన్ని వాళ్లింట్లో కూర్చొని తీస్తున్నా. ఆదివారం మా పీజీ హాస్టల్లో కెమెరా పెడితే ఆరుగురు రూమ్మేట్లు వరసగా ఫ్రేమ్‌లోకి వచ్చి చెయ్యి ఊపి పోతారు.

చెన్నైలో బీబీఏ, బీకాం చేరే మన పిల్లలు, ముఖ్యంగా నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు, నన్ను అడిగేది ఒకటే. "అన్నా, హెచ్‌ఆర్‌ఎం అంతా కబుర్లే అంటారు, ఈజీయేనా? రాత్రి చదివి పొద్దున రాసేయొచ్చా?"

రాసేయొచ్చు. నేనూ అలాగే రాశా. నూటికి 71 వచ్చాయి. డిగ్రీ అయ్యాక అంబత్తూర్‌లో ఒక ఆటో పార్ట్స్ ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్‌లో ట్రెయినీగా చేరా. కంపెనీ పేరు చెప్పను, ఉద్యోగం ఉండాలి కదా. చేరిన మూడో వారానికి అర్థమైంది, ఆ 71 మార్కుల్లో పనికొచ్చేవి ఓ ఇరవై ఉంటాయని. మిగతావి ఎటు పోయాయో మాట్లాడుకుందాం.

మా కాలేజీలో ఐదు యూనిట్లు. మొదటిది పరిచయం: పర్సనెల్ మేనేజ్‌మెంట్‌కీ హెచ్‌ఆర్‌ఎమ్‌కీ తేడాలు, ఎనిమిది పాయింట్లు, పట్టిక గీసి రాయాలి. పట్టిక గీస్తే మార్కులు వస్తాయి. అంతకుమించి దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

రెండోది రిక్రూట్‌మెంట్, సెలెక్షన్. ఈ రెండింటికీ తేడా ఏంటన్నది ప్రతి పరీక్షలోనూ వస్తుంది. పుస్తకంలో ఒకటి పాజిటివ్ ప్రాసెస్, ఇంకోటి నెగటివ్ ప్రాసెస్ అని ఉంటుంది. బట్టీ పట్టాను గానీ ఎందుకో తెలియలేదు. అంబత్తూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నడుచుకుంటూ వెళ్తే ప్రతి రెండో గేటుకీ 'ఆట్కళ్ తేవై' అని బోర్డు వేలాడుతుంటుంది. మనుషులు కావాలి అని. ఆ బోర్డు కట్టడం రిక్రూట్‌మెంట్, ఎంతమంది వస్తే అంత మంచిది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డ నలభై మందిలో ముప్పై ఆరుగురికి 'రేపు చూద్దాం' అని చెప్పి పంపడం సెలెక్షన్. అక్కడ పనంతా తీసేయడమే. ఇప్పుడు మర్చిపోండి చూద్దాం.

మూడోది మోటివేషన్. మా కాలేజీలో సగం సెమిస్టర్ దీనికే పోయింది. మనిషి ఎందుకు పనిచేస్తాడో సిద్ధాంతాలు చెప్పిన మాస్లో, హెర్జ్‌బర్గ్, మెక్‌గ్రెగర్. తిండీ గూడూ కింద, ఆత్మ సాక్షాత్కారం పైన ఉండే ఆ త్రికోణం బొమ్మ గీయని విద్యార్థి ఈ దేశంలో ఉండడు. తమాషా ఏంటంటే, 1943లో మాస్లో ఈ సిద్ధాంతం ప్రతిపాదించిన వ్యాసంలో ఆ బొమ్మే లేదు. తర్వాత ఎవరో గీశారు. మనం స్కేలు పెట్టి మరీ గీసి, నాలుగు రంగులు వేసి పది మార్కులు తెచ్చుకుంటున్నాం. హాథోర్న్ ప్రయోగాలు మాత్రం శ్రద్ధగా చదవండి. 1924 నుంచి 1932 దాకా షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో జరిగాయి. లైట్లు పెంచితే పని పెరుగుతుందా అని మొదలుపెట్టి చివరికి మనుషుల మధ్య సంబంధాల దగ్గర తేలారు. వాటి మీద విమర్శలు కూడా చాలా ఉన్నాయి, మా సారు అవి చెప్పలేదు.

నాలుగో యూనిట్ పెర్ఫార్మెన్స్ అప్రైజల్, అంటే ఉద్యోగి పనికి మార్కులు వేయడం. మా సారుకి ఈ ఒక్క విషయంలో చేతులెత్తి దండం పెట్టాలి. ఒక రోజు క్లాసులో ఫారాలు పంచి, పక్కన కూర్చున్నవాడికి ఐదు అంశాల్లో ఐదుకి మార్కులు వేయమన్నారు. అరవై మందిమి. ఫారాలు వెనక్కి తీసుకొని చూస్తే దాదాపు అందరూ అన్నింటికీ మధ్యలో ఉండే మూడే వేశారు. ఎందుకొచ్చిన గొడవ, సాయంత్రం వాడితోనే కదా టీ తాగేది! దానికి పుస్తకంలో పేరుంది, సెంట్రల్ టెండెన్సీ. నేను మాత్రం పక్కవాడికి అన్నింట్లోనూ ఐదు వేశా. వాడి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, అంతే కారణం. సమయపాలనలోనూ ఐదే, వాడు రోజూ పది నిమిషాలు లేటు. ఇది హేలో ఎఫెక్ట్. 1920లోనే థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త సైన్యంలో అధికారులు కింది వాళ్లకు వేసిన మార్కుల్లో ఇదే గమనించాడు: ఒక గుణం నచ్చితే మిగతావన్నీ దాని వెనకాలే కొట్టుకొచ్చేస్తాయి.

తర్వాత సారు బెల్ కర్వ్ గురించి చెప్పారు, అంటే ఉద్యోగులను ముందే అనుకున్న శాతాల్లో పైన, మధ్య, అడుగు అని విడగొట్టడం. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ కాలంలో పేరుపడ్డ పద్ధతి: పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10. ఆ అడుగు వాళ్లు మూటాముల్లె సర్దుకొని వెళ్లాల్సిందే. మాకు న్యాయంగానే అనిపించింది, పనిచేయనివాడిని ఎందుకు ఉంచాలి అనుకున్నాం. అప్పుడు సారు చాక్‌పీస్ కింద పెట్టి, "అరవై మందిలో పది శాతం అంటే ఆరుగురు. అందరూ బాగా రాసినా సరే ఆరుగురిని తప్పించాలి. ఎవరెవరిని?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వినిపించింది.

ఈ పేపర్‌తో నా అసలు పేచీ అక్కడే మొదలైంది. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మనతో మేనేజర్‌తో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. 'ఉద్యోగిని ఎలా ఎంచుకోవాలి, ఎలా ప్రోత్సహించాలి, ఎలా అదుపులో పెట్టాలి.' అయ్యా, మేము ఇరవై ఏళ్ల వాళ్లం. ఇంకో పదేళ్లు టేబుల్‌కి ఇటువైపే కూర్చుంటాం. మార్కులు వేసేవాళ్లం కాదు, వేయించుకునేవాళ్లం. నన్నడిగితే ఈ పేపర్ మొత్తాన్ని ఇటు కుర్చీలోంచే చదవాలి.

అలా చదివితే ఐదో యూనిట్ మీకు బంగారం. జీతాలు, సంక్షేమం, పారిశ్రామిక సంబంధాలు. మా కాలేజీలో దీనికి దక్కింది మూడు క్లాసులు. "రెండు మార్కుల ప్రశ్నలే వస్తాయి, నోట్స్ చూసుకోండి" అన్నారు. సారు మీద ఇందాక పెట్టిన దండంలో సగం వెనక్కి తీసుకుంటున్నా.

ఇదిగో, ఇప్పుడు నేను కూర్చున్న ఈ పెరంబూర్. ఇక్కడికి దగ్గర్లోనే బిన్నీ కంపెనీ వాళ్ల బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లులు ఉండేవి. 'బీ అండ్ సీ మిల్' అంటే పాత ఆటోడ్రైవర్లు ఇప్పటికీ గుర్తుపడతారు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే టైము చాలట్లేదు, సూపర్‌వైజర్లు కొడుతున్నారు అని ఆ కార్మికులు గోడు వెళ్లబోసుకుంటే, సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే ఇద్దరు హోంరూల్ ఉద్యమ నాయకుడు బి.పి. వాడియా దగ్గరికి వెళ్లారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘం ఇదే అంటారు. తర్వాత మిల్లు వాళ్లు మద్రాస్ హైకోర్టులో వాడియా మీదే దావా వేసి ఇంజంక్షన్, అంటే ఆపమని కోర్టు ఆర్డర్, తెచ్చుకున్నారు. సంఘం పెట్టినవాడి మీదే నష్టపరిహారం కేసు వేయొచ్చన్న భయం ఉంటే ఇంకెవరు పెడతారు? ఆ గొడవ సాగి సాగి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. మన నోట్స్‌లో 'ట్రేడ్ యూనియన్స్ యాక్ట్, 1926' అని ఒకే ఒక్క లైను ఉంటుంది. ఆ లైను వెనక ఉన్నది ఈ వీధులు. నేను మూడేళ్లు 29సీ బస్సులో ఇటు తిరిగా, ఒక్కరూ చెప్పలేదు.

మెరీనాలో నలుగురు బండరాయిని కదిలిస్తుండే విగ్రహం దగ్గర సెల్ఫీ దిగి ఉంటారు కదా, ఉళైప్పాళర్ శిలై, అంటే శ్రామికుల విగ్రహం. దేవీప్రసాద్ రాయ్ చౌధురి రూపొందించింది, 1959లో పెట్టారు. మన దేశంలో మొదటి మేడే 1923లో కార్మిక నాయకుడు సింగారవేలర్ జరిపింది కూడా ఈ ఊళ్లోని సముద్రపొడ్డునే. ఈ పేపర్ చదవడానికి చెన్నై కన్నా మంచి ఊరు దొరకదు, కాకపోతే క్లాసులోంచి బయటికి రావాలి.

ఇక పుస్తకం కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత ఎడిషన్ సగం ధరకి వస్తుందని మూర్ మార్కెట్‌కి పరిగెత్తకండి. అంటే, మోటివేషన్ కోసమైతే పరిగెత్తండి, మాస్లో మారడు. చట్టాలు మారిపోయాయి. 29 కార్మిక చట్టాలను కలిపి నాలుగు పెద్ద చట్టాలు చేశారు, వాటినే కోడ్‌లు అంటున్నారు. జీతాల కోడ్ 2019లో, మిగతా మూడూ 2020లో పార్లమెంటులో పాసయ్యాయి, కానీ అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. పాత పుస్తకంలో 250 మంది కార్మికులుంటే క్యాంటీన్, 500 మంది ఉంటే వెల్ఫేర్ ఆఫీసర్ అని ఉంటుంది. కొత్త కోడ్‌లో క్యాంటీన్‌కి 100, వెల్ఫేర్ ఆఫీసర్‌కి 250. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి, ఐదేళ్లు నిండాలన్న నియమం అలాగే ఉంది గానీ, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది చాలు. పరీక్షలో మాత్రం మీ సిలబస్‌లో ఏ పేరుంటే అదే రాయండి, పేపర్ దిద్దేవాళ్లతో వాదన పెట్టుకోవద్దు.

గ్రాట్యుటీ లెక్క సింపుల్. చివరి నెల జీతాన్ని, అంటే బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి, 26తో భాగించి 15తో గుణించాలి. దాన్ని ఎన్నేళ్లు చేస్తే అన్ని రెట్లు. 26,000 ఉంటే ఏడాదికి 15,000, పదేళ్లకు లక్షన్నర. 26 ఎందుకంటే నెలలో ఆదివారాలు తీసేస్తే మిగిలేవి అన్ని. ఈ ఒక్క లెక్క వచ్చినా ఇంట్లో మీ పరపతి పెరుగుతుంది.

నాది పెరిగింది. పిన్ని ఒక ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ కంపెనీలో కుట్టుపని చేస్తుంది. పోయిన నెల అన్నం తింటుంటే పే స్లిప్ తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. "ఏందిరా ఇది, పన్నెండొందలు పట్టేసుకున్నారు?" మొత్తం జీతం 17,000, బేసిక్ 9,000. పీఎఫ్, అంటే భవిష్య నిధి, బేసిక్‌లో 12 శాతం, 1,080. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, మొత్తం జీతంలో ముప్పావు శాతం, 128. కలిపి 1,208. పీఎఫ్ పోయిన డబ్బు కాదు పిన్నీ, కంపెనీ కూడా ఇంకో 1,080 వేస్తుంది, అందులో 750 నీ పెన్షన్‌కి పోతుంది అని చెప్పా. నమ్మలేదు. ఫోన్లో పాస్‌బుక్ తీసి చూపిస్తే కళ్లజోడు తెచ్చుకొని మరీ చూసింది.

ఈఎస్‌ఐ దగ్గర నాకే గొంతులో ముద్ద అడ్డం పడింది. నెలకు 21,000 లోపు జీతం ఉంటే వర్తిస్తుంది, వైద్యం ఉచితం. పిన్ని రెండేళ్లుగా నడుం నొప్పికి బయట డాక్టర్‌కి డబ్బు కట్టి చూపించుకుంటోంది. కార్డు ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నెలనెలా డబ్బు మాత్రం పోతూనే ఉంది. నేను 71 మార్కులు తెచ్చుకున్న పేపర్‌లో 'ఉద్యోగుల సంక్షేమం' మీద మూడు పేజీల జవాబు రాశా. అది రాసిన రోజు కూడా ఇదే ఇంట్లో, ఇదే కంచంలో తిన్నా.

సరే, రేటింగ్. సిలబస్‌కి ఐదుకి మూడున్నర. చెప్పే తీరుకి రెండు, అప్రైజల్ క్లాసు లేకపోతే ఒకటే. మీ ఇంట్లో ఎవరి పే స్లిప్ అయినా పక్కన పెట్టుకొని చదివితే నాలుగున్నర. రాత్రి చదివి పొద్దున రాసేవాళ్లకు రేటింగ్ ఎందుకు, పాసైపోతారు.

ఇంకొక్క మాట. పోయిన ఆదివారం పొద్దున్నే తలుపు తట్టారు. పిన్ని లైన్లో కుట్టే ముగ్గురు ఆడవాళ్లు, చేతుల్లో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు. "మీ పిన్ని చెప్పింది బాబూ, మావీ చూడు." మెట్ల మీద కూర్చొని ఒక్కొక్కటీ చూశా. పీఎఫ్, ఈఎస్‌ఐ గడగడా చెప్పేశా, కాస్త గొప్పగా కూడా అనిపించింది. మూడో ఆమె స్లిప్‌లో చివరి వరసలో 'ఇతరములు, 50' అని ఉంది. ప్రతి నెలా యాభై. అదేంటో నా పుస్తకంలోనూ లేదు, నోట్స్‌లోనూ లేదు. తెలియదక్కా అన్నా. ఆమె కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టుకొని, "సరే, రేపు ఆఫీసులో అడుగుతా" అంది.