ఒకే మెషిన్‌లో డ్రిప్పూ ఎస్ప్రెస్సో: తిరుపతి డికాక్షన్ ఇంటికి పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తా, ఈ మెషిన్ కంపెనీవాళ్ళే రివ్యూకి పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. లీటర్లు, రంగులు, వారంటీ మీరు ఎక్కడో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. ఎడమ పక్క డ్రిప్, అంటే పొడి మీద వేడినీళ్ళు పడి పలచటి కాఫీ దిగేది. కుడి పక్క ఎస్ప్రెస్సో, అంటే ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ. పాలకు ఒక ఆవిరి గొట్టం. అంతే మెషిన్.

డ్రిప్ పక్క గురించి రెండు ముక్కలు. బ్లాక్ కాఫీ తాగేవాళ్ళయితే లీటరు నీళ్ళకు 60 గ్రాముల పొడి వేసుకోండి, బాగుంటుంది. దాంట్లో పాలు కలిపితే మాత్రం కడుగునీళ్ళే. జగ్గును వేడి ప్లేటు మీదే అరగంట వదిలేస్తే మాడు రుచి వచ్చేస్తుంది, ఫ్లాస్కులో పోసి పెట్టుకోండి.

ఇంగ కుడి పక్కకి వద్దాం. పెట్టె మీద ఎస్ప్రెస్సో అని రాసేశారు. అసలు ఎస్ప్రెస్సోకి 9 బార్ల ఒత్తిడి, 90 నుంచి 96 డిగ్రీల నీళ్ళు కావాలి. దీంట్లో పంపే లేదు. చిన్న బాయిలర్‌లో నీళ్ళు కాగితే, ఆ ఆవిరే నీళ్ళను పొడిలోకి తోస్తుంది. మహా అంటే 3, 4 బార్లు. పైగా ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీలు దాటే కాగుతాయి, అందుకే కాఫీ కొంచెం చేదెక్కుతుంది. క్రీమా, అంటే ఎస్ప్రెస్సో పైన తేలే బంగారు రంగు నురగ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అంగట్లో చూడగానే గుర్తుపట్టొచ్చు: పైన మర తిప్పి బిగించే మూత ఉంటే ఆవిరి మెషిన్. విడిగా తీసి నింపుకునే ట్యాంకు, ఆన్ చేస్తే గుర్రుమనే చప్పుడు ఉంటే పంపు మెషిన్.

ఇదంతా విని వద్దనుకోకండి. మనకు కావాల్సింది చిక్కటి డికాక్షన్. ఆ పనికి ఇది భలే ఉంది! స్టీలు ఫిల్టర్‌లో చుక్కచుక్కా దిగాలంటే పావుగంట పైమాటే. ఇక్కడ నాలుగైదు నిమిషాల్లో చేతికొస్తుంది. ఆ చేదు కూడా పాలూ చక్కెరా పడ్డాక కాఫీకి బలమే ఇస్తుంది.

చిక్కంతా చికోరీతో, అంటే కాఫీలో కలిపే వేయించిన వేరు పొడితో. మన కాఫీపొడి అంగళ్ళలో అడక్కుండానే చికోరీ కలిపి ఇస్తారు. చట్టప్రకారం 49 శాతం దాకా కలపొచ్చు, ప్యాకెట్ మీద ఎంతో రాయాలి. స్టీలు ఫిల్టర్‌కి అది మంచిదే, డికాక్షన్‌కి రంగు, చిక్కదనం వస్తాయి. ఈ మెషిన్‌కి మాత్రం గండం. చికోరీ వేడినీళ్ళలో కరిగి జిగురౌతుంది, పొడి వేసే చిన్న గిన్నె అడుగు బెజ్జాలు పూడుకుపోతాయి. కాఫీ దిగదు, లోపల ఒత్తిడి మాత్రం పెరుగుతా ఉంటుంది. అప్పుడు ఏమైందో చూద్దామని ఆ గిన్నెను పట్టుకునే పిడి విప్పారనుకోండి, మరిగే పొడి మొహం మీదికి చిమ్ముతుంది. కాబట్టి చికోరీ 20 శాతం దాటకూడదు. అసలు లేకుంటే ఇంకా మేలు. మరపట్టేవాళ్ళతో ఎస్ప్రెస్సో అని చెప్పకండి, పిండిలా పట్టేస్తారు. మామూలు ఫిల్టర్ పొడి మాదిరే పట్టమంటే సరి.

నాలుగు చిన్న కప్పులకి లెక్క ఇది. బాయిలర్‌లో 240 మిల్లీలీటర్ల నీళ్ళు, గీత దాటకూడదు, ఆవిరికి చోటు కావాలి. పొడి 20 గ్రాములు, స్పూన్‌తో సమం చేయండి, అదమొద్దు. గిన్నె అంచుకి అంటిన పొడి తుడవండి, లేకుంటే రబ్బరు రింగు సరిగ్గా పట్టక పక్కలనుంచి కారుతుంది. కాఫీకో ఆవిరికో తిప్పే నాబ్ మూసిపెట్టి స్విచ్ వేయండి. ఒత్తిడి పెరిగాక కాఫీ వైపు తిప్పండి. పాలకు నురగ కావాలంటే నీళ్ళన్నీ దిగనివ్వొద్దు. సగం దాటగానే నాబ్ ఆపి ఆవిరి గొట్టం తెరవండి, నీళ్ళైపోతే ఆవిరీ ఉండదు.

గొట్టంలో మొదట వచ్చే నీటిచుక్కలు వేరే గ్లాసులో వదిలేయండి. పాలు ఫ్రిజ్‌లోవి అయితే నురగ బాగా పొంగుతుంది. టోన్డ్ పాలకు త్వరగా వస్తుంది, ఫుల్ క్రీమ్‌కి రుచి ఎక్కువ. 65 డిగ్రీల దగ్గర ఆపేయమంటారు, మనవాళ్ళకు అది చల్లారిన కాఫీ కిందే లెక్క! పొగలు కక్కే కాఫీ కావాలంటే పాలు పొయ్యి మీదే కాచుకోండి. గొట్టం వాడితే వెంటనే తుడిచి, ఒకసారి ఆవిరి వదలండి. చల్లారేటప్పుడు పాలు లోపలికి పీల్చుకుంటుంది, అవి ఎండితే గొట్టం మూసుకుపోతుంది.

నాకు మండేది ఆ మూత దగ్గర. ఒక వాయి అయ్యాక ఆవిరి మొత్తం వదిలేసి, చల్లారేదాకా మూత తెరవకూడదు. రెండో వాయికి పదిహేను నిమిషాలు ఆగాల్సిందే. తిరుపతిలో కాపురమంటే ఎట్లా ఉంటుందో తెలుసు కదా, కొండకి పోతా పోతా చుట్టాలు దిగుతూనే ఉంటారు. ఎనిమిది మంది హాల్లో కూర్చుంటే నలుగురికి కాఫీ ఇచ్చి మిగతావాళ్ళని చూస్తా ఉండమనాలా? పంపు మెషిన్‌కి ఈ తిప్పలు లేవు, ట్యాంకులో ఎప్పుడైనా నీళ్ళు పోసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఇది పెద్దగా చప్పుడు చేయదు. సుప్రభాత సేవకని అర్ధరాత్రి లేచేవాళ్ళు పిల్లల్ని లేపకుండా కాఫీ పెట్టుకోవచ్చు.

బోరు నీళ్ళు పోసేవాళ్ళు ఇది వినండి. గిన్నెలో నీళ్ళు కాస్తే తెల్లపొర కట్టే ఇల్లయితే బాయిలర్‌లోనూ అదే కడుతుంది. నెలకోసారి 240 మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక టీస్పూన్ నిమ్మఉప్పు కలిపి, పొడి లేకుండా సగం దించి, ఆపేయండి. చల్లారాక మళ్ళీ స్విచ్ వేసి మిగతాది దించి, మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. వెనక స్టిక్కర్ కూడా చూడండి, వాట్లు 1,380 దాటితే 6 ఆంపియర్ల ప్లగ్గు వద్దు, 16 ఆంపియర్లదే వాడండి. ఇన్వర్టర్ మీద అసలు వద్దు.

ఇంట్లో ముగ్గురు నలుగురే అయితే, డికాక్షన్ త్వరగా కావాలనుకుంటే తీసుకోండి, నేనైతే ఇష్టంగానే చెప్తా. డ్రిప్ వాడని ఇంటికి ఆ ఎడమ పక్క దండగ, అదే డబ్బుకి ఎస్ప్రెస్సో ఒక్కటే చేసే పంపు మెషిన్ ఏదైనా దొరుకుతుందేమో చూడండి. ఏది కొన్నా రబ్బరు రింగు విడిగా అమ్ముతారా అని అడిగాకే డబ్బు కట్టండి. మొదట గట్టిపడి పాడయ్యేది అదే.